పాత డొమైన్‌కు కట్టే పైసలు దండుగ కావు

"కొత్తది వచ్చినంక పాతదానికి మల్ల పైసలెందుకు కట్టాలె?"

మా సంస్థ ట్రెజరర్ సారు మొన్న కార్యవర్గ సమావేశంలో అడిగిన మాట ఇది. ఆయన రిటైర్డ్ హెడ్‌మాస్టరు. చాయ్ ఖర్చుకైనా ఓచరు లేనిదే సంతకం పెట్టరు. ఆయన చేతిలోని కాగితం మీద రెండు డొమైన్ల, అంటే వెబ్‌సైటుకూ మెయిల్ ఐడీల చివరా వాడే పేర్ల, రెన్యువల్ బిల్లులు పక్కపక్కనే ఉన్నాయి. కొత్త డొమైన్‌కు మారి నెలలు గడిచాయి. అందరూ కొత్త మెయిల్ ఐడీలతోనే ఉత్తరాలు పంపుతున్నారు. అలాంటప్పుడు పాత పేరుకు ఏటా వెయ్యో, పదిహేను వందలో ఎందుకు పోయాలి? జనం ఇచ్చిన చందాలకు లెక్క చెప్పాల్సిన మనిషి అడగాల్సిన ప్రశ్నే అడిగారు.

ఎజెండాలో ఇంకా చాలా అంశాలు మిగిలి ఉండటంతో అక్కడ రెండు ముక్కల్లో జవాబు చెప్పాను. ఇక్కడ విడమరిచి రాస్తున్నాను, ఎందుకంటే ఈ ప్రశ్న మా ఒక్కరిదే కాదు. నల్లగొండలో, పాలమూరులో స్వచ్ఛంద సంస్థలు, రైతు ఉత్పత్తిదారుల కంపెనీలు, చేనేత సంఘాలు, ప్రైవేటు కాలేజీలు పేరు మార్చుకున్నప్పుడల్లా డొమైన్ కూడా మార్చుకుంటున్నాయి. ఆ తర్వాత పాతదాన్ని గాలికి వదిలేస్తున్నాయి. నా అభిప్రాయం ఒక్కటే. ఒక సంస్థ మెయిళ్ళు, క్లౌడ్ ఖాతాలు కొన్నేళ్ళపాటు ఒక డొమైన్ మీద నడిచాక, ఆ డొమైన్‌ను సంస్థ ఉన్నంతకాలం చేజారనివ్వకూడదు. కొత్తది ఎంత బాగా కుదురుకున్నా సరే.

మాకు మార్పు ఎందుకు అవసరమైందో క్లుప్తంగా చెప్తాను. మేము పనిచేసేది ఫ్లోరైడ్ ఊళ్ళలో. మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు మండలాల్లో బోర్ల నీళ్ళు పరీక్ష చేయడం, ఎముకలు వంకరపోయిన పిల్లలకు ఫిజియోథెరపీ ఇప్పించడం, పింఛను కాగితాలు కదిలించడం మా పని. సంస్థ పేరులోనూ డొమైన్‌లోనూ జిల్లా పేరు ఉండేది. 2016 అక్టోబరు 11న నల్లగొండ మూడు జిల్లాలయింది. చౌటుప్పల్, నారాయణపురం యాదాద్రి భువనగిరిలోకి పోయాయి. అప్పట్నుంచి అటు ఏ ఆఫీసుకు పోయినా "మీది నల్లగొండ సంస్థ కదా, ఇక్కడెందుకు?" అన్న మాటే. చివరికి జిల్లా పేరు తీసేసి సొసైటీ పేరు మార్చుకున్నాం, దాని వెంట డొమైనూ మారింది.

సులువుగా తేలిపోయిన సగం

జనం భయపడేది సాంకేతిక భాగానికి. నిజానికి అది తొందరగానే తెములుతుంది. మాది స్వచ్ఛంద సంస్థలకు గూగుల్ ఉచితంగా ఇచ్చే వర్క్‌స్పేస్ అనే మెయిల్, ఫైళ్ళ సేవ. అందులో కొత్త డొమైన్‌ను చేర్చడానికి రెండు దారులుంటాయి. అలియాస్‌గా, అంటే ఉన్న ఖాతాలకే మారుపేరుగా చేర్చవచ్చు, లేదా సెకండరీగా, అంటే విడిగా రెండో డొమైన్‌గా చేర్చవచ్చు. అలియాస్ దారి చూడటానికి హాయిగా ఉంటుంది, ఒక్కసారి కలిపితే అందరికీ కొత్త చిరునామా దానంతటదే వచ్చేస్తుంది. కానీ అలియాస్ డొమైన్‌ను తర్వాత నేరుగా ప్రైమరీ, అంటే ప్రధాన డొమైన్, చేసుకోలేం. దాన్ని తీసేసి, మళ్ళీ సెకండరీగా చేర్చి, అప్పుడు మార్చాలి. అందుకని మొదటే సెకండరీగా చేర్చాం. డీఎన్ఎస్‌లో, అంటే డొమైన్ సెట్టింగుల పట్టికలో, టీఎక్స్‌టీ రికార్డు అనే చిన్న వరుస పెట్టి డొమైన్ మాదేనని రుజువు చేసుకున్నాం. మెయిళ్ళు ఏ సర్వరుకు పోవాలో చెప్పే ఎంఎక్స్ రికార్డులు పెట్టాం. మెయిళ్ళు వస్తున్నాయని చూసుకున్నాక కొత్తదాన్ని ప్రైమరీ చేశాం. ప్రైమరీ మారినంత మాత్రాన మనుషుల ఐడీలు మారవు, ఒక్కొక్కరి పేరూ విడిగా మార్చాలి. అలా మార్చినప్పుడు పాత ఐడీ వాళ్ళ ఖాతాకే అలియాస్‌గా ఉండిపోతుంది. పాత చిరునామాకు రాసిన ఉత్తరం కూడా అదే ఇన్‌బాక్సులో పడుతుంది.

డ్రైవ్‌లోని ఫైళ్ళకు ఏమీ కాలేదు. నీటి పరీక్షల షీట్లు, ఆశా కార్యకర్తలు నింపే ఫారాల లింకులు అన్నీ యథాతథంగా తెరుచుకున్నాయి. కొందరు ఫోనులో మళ్ళీ లాగిన్ కావాల్సి వచ్చింది, అంతే. మైక్రోసాఫ్ట్ వాడే సంస్థలకు ఇక్కడ కొంచెం ఎక్కువ జాగ్రత్త కావాలి. వన్‌డ్రైవ్ లింకులోనే మనిషి లాగిన్ పేరు ఉంటుంది కాబట్టి, పేరు మారితే లింకు మారుతుంది, పాత బుక్‌మార్కులు పనిచేయవు.

మాకు తల నొప్పి తెచ్చింది స్పామ్. కొత్త డొమైన్‌కు పరపతి ఉండదు. నిన్న పుట్టిన పేరు నుంచి ఒకేసారి దాతలందరికీ మెయిళ్ళు పోతుంటే అవతలి సర్వర్లు అనుమానిస్తాయి. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ నిబంధనలు బిగించాయి. జీమెయిల్‌కు రోజుకు ఐదు వేలకు మించి పంపేవాళ్ళకు మెయిల్ నిజంగా ఆ డొమైన్ నుంచే వచ్చిందని రుజువు చేసే ఎస్పీఎఫ్, డీకిమ్, డీమార్క్ ఏర్పాట్లు మూడూ తప్పనిసరి. తక్కువ పంపేవాళ్ళకు ఎస్పీఎఫ్, డీకిమ్‌లలో ఏదో ఒకటి చాలు. మాది చిన్న సంస్థే అయినా మూడూ పెట్టుకున్నాం. మొదట దగ్గరివాళ్ళకు, తర్వాత కొద్దికొద్దిగా మిగతావాళ్ళకు పంపుతూ పోయాం. నిదానంగా ఇన్‌బాక్సుల్లో పడటం మొదలైంది.

ఇంతవరకు చూస్తే ట్రెజరర్ సారు మాటే న్యాయమనిపిస్తుంది. కొత్తది నడుస్తోంది, పాతది ఎందుకు? అసలు సంగతి ఇకమీదట ఉంది.

పాత ఇన్‌బాక్సే చిట్టా

ఒక సంస్థ ఈమెయిల్ ఐడీ ఆ సంస్థ చేతిలో మాత్రమే ఉండదు. బయట ఎన్నో పుస్తకాల్లో రాసి ఉంటుంది. ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్, పీఎఫ్, బ్యాంకు, స్వచ్ఛంద సంస్థలు నమోదయ్యే దర్పణ్ పోర్టల్, విదేశీ విరాళాల ఎఫ్‌సీఆర్ఏ పోర్టల్, ఇంటర్నెట్ కనెక్షన్, నీటి పరీక్షల కిట్లు అమ్మే కంపెనీ, టికెట్లు బుక్ చేసే సైటు, జూమ్ ఖాతా, ఫేస్‌బుక్ పేజీ, యూట్యూబ్ ఛానల్... ఇవన్నీ ఎక్కడ రాసి పెట్టామంటే ఎక్కడా లేదు. పదేళ్ళలో ఎవరెవరో వచ్చారు, పోయారు, ఎవరికి అవసరమైన ఖాతా వాళ్ళు తెరిచారు.

ఆ చిట్టా ఎట్లా తయారుచేశామో చెప్తే ఇంకొకరికి పనికొస్తుంది. మా అకౌంటెంటు, నేను ఆమె కంప్యూటరు ముందు కూర్చున్నాం. పాత ఇన్‌బాక్సులో ఓటీపీ, వెరిఫై, వెల్‌కమ్, పాస్‌వర్డ్, ఇన్‌వాయిస్, రెన్యువల్ అనే మాటలు ఒక్కొక్కటే వేసి వెతికాం. పంపినవాళ్ళ పేర్లు కనబడుతుంటే ఆమె లెడ్జరు వెనక పేజీల్లో పెన్నుతో రాస్తూ పోయింది. కుడివైపు మూడు గళ్ళు గీసింది. లాగిన్ ఎవరి దగ్గరుంది, ఫోన్ నంబరు ఎవరిది, మార్చామా లేదా. ఆఫీసు నుంచి వెళ్ళిపోయిన ఒకమ్మాయి ఫోన్ నంబరు నాలుగైదు ఖాతాలకు కనబడింది. పెళ్ళి చేసుకుని షోలాపూర్ వెళ్ళింది పాపం, ఫోన్ చేస్తే విసుక్కోకుండా ఓటీపీలు చదివి చెప్పింది. ఆ నంబరు ఆమె మార్చేసి ఉంటే ఆ ఖాతాలకు దిక్కు పాత ఈమెయిల్ ఒక్కటే.

అన్నిటికన్నా ముందు మార్చాల్సిన ఖాతా ఇంకొకటుంది. డొమైన్ అమ్మిన కంపెనీ, అంటే రిజిస్ట్రార్, దగ్గరి లాగిన్. చాలా సంస్థలకు ఆ లాగిన్ కూడా ఆ డొమైన్ మెయిల్ మీదే ఉంటుంది. డొమైన్ గడువు ముగిస్తే మెయిల్ ఆగిపోతుంది. మెయిల్ ఆగితే రిజిస్ట్రార్ పంపే హెచ్చరిక మనకు అందదు, పాస్‌వర్డ్ మార్చుకునే లింకూ అందదు.

సరే, చిట్టా అంతా మార్చేశాక పాత డొమైన్ వదిలేయొచ్చు కదా? వదలలేం, ఎందుకంటే చిట్టా పూర్తయిందని ఎప్పటికీ చెప్పలేం. నెలనెలా వచ్చే బిల్లులు మొదటి నెలలోనే తేలిపోతాయి. ఏడాదికోసారి మెయిల్ పంపేవి ఏడాది తిరిగితే గానీ బయటపడవు. ఎఫ్‌సీఆర్ఏ సర్టిఫికెట్ గడువు ఐదేళ్ళు. ఐదేళ్ళకోసారి తెరిచే ఫైలులో పాత ఐడీ ఎక్కడో నక్కి ఉంటే అది ఆనాడే కనబడుతుంది. "ఒక ఏడాది ఉంచి తీసేద్దాం" అనేవాళ్ళకు నా జవాబు ఇదే. సంస్థల పనుల్లో ఏడాదికన్నా పొడుగైన చక్రాలు చాలా ఉన్నాయి.

మనుషుల సంగతి ఇంకా వేరే. మర్రిగూడ వైపు బడుల్లో మేము పెట్టించిన నీటి ఫిల్టర్ల పక్కన గోడ మీద నీలి రంగులో "నీళ్ళ గురించి ఫిర్యాదులకు" అని రాసి, కింద ఫోన్ నంబరు, ఈమెయిల్ రాయించాం. ఆయిల్ పెయింట్, ఎండకు వానకు అంత త్వరగా పోదు. ఫోన్ నంబరుకే ఎక్కువమంది చేస్తారు. కానీ ఫొటో తీసి మెయిల్ పంపే టీచర్లు ఉన్నారు. మొన్నటికి మొన్న ఒక బడి నుంచి పాత చిరునామాకే ఫొటో వచ్చింది. ఫిల్టరు కింది గొట్టం పగిలి నీళ్ళు కారుతున్నాయి, పిల్లలు మళ్ళీ చేతిబోరు దగ్గరికి పోతున్నారు. పాత డొమైన్ లేకపోతే ఆ ఉత్తరం మాకు చేరేది కాదు. తాగే నీళ్ళలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండకూడదని భారత ప్రమాణాల పరిమితి. ఆ చేతిబోరు దానికి చాలా పైన ఉన్నట్టు మా షీటులోనే ఉంది. రెన్యువల్ బిల్లు చూసినప్పుడల్లా నాకు ఆ ఫొటో గుర్తొస్తుంది.

వదిలేస్తే ఎవరి చేతికి పోతుంది?

ఇక్కడ ఒక పోలిక చెప్పాలి. మా ఆఫీసు బండి మీద ఇప్పటికీ ఏపీ 24 అని ఉంటుంది. తెలంగాణ వచ్చాక కొన్నవాళ్ళ బండ్ల మీద టీఎస్ 05. 2024 మార్చి తర్వాత కొన్నవాళ్ళవి టీజీ 05. మూడూ ఒకే రోడ్డు మీద తిరుగుతున్నాయి, ఏ నంబరూ చెల్లకుండా పోలేదు. ముఖ్యంగా, మా ఏపీ 24 నంబరును రవాణా శాఖ ఇంకో మనిషి బండికి ఇవ్వదు. డొమైన్ విషయంలో ఈ భరోసా లేదు. మనం పైసలు కట్టడం ఆపితే ఆ పేరు మళ్ళీ సంతలోకి వస్తుంది. ఎవరు ముందు కొంటే వాళ్ళదే.

మా పాతది డాట్ ఓఆర్‌జీ. అలాంటివాటికి గడువు దాటాక కొన్ని వారాలు మామూలు ధరకే రెన్యువల్ చేసుకునే వెసులుబాటు ఉంటుంది, అది రిజిస్ట్రార్‌ను బట్టి మారుతుంది. తర్వాత 30 రోజులు ఎక్కువ రుసుము కట్టి విడిపించుకోవచ్చు. ఆ తర్వాత ఐదు రోజులకు పేరు విడుదలైపోతుంది. మంచి చరిత్ర ఉన్న పేర్ల కోసం కాచుకుని కూర్చునేవాళ్ళు ఉన్నారు. పదేళ్ళు నడిచి, ప్రభుత్వ నివేదికల్లో, పత్రికల్లో లింకులున్న పేరంటే వాళ్ళకు ఇంకా ఇష్టం. మాకు తెలిసిన ఒక సంస్థకు ఇదే జరిగింది. వాళ్ళు నడిపిన పాత వెబ్‌సైటు చిరునామా ఒక హైస్కూలు సైన్సు ల్యాబులో అంటించిన పోస్టరు మీద ఉంది. పిల్లలకు చూపిద్దామని టీచరమ్మ ప్రొజెక్టరు మీద తెరిస్తే బెట్టింగ్ యాప్ ప్రకటనలు వచ్చాయి. ఆమె ఆ పోస్టరు చించి, ఫోన్ చేసి వాళ్ళను తిట్టింది. తిట్టడంలో తప్పు లేదు.

బెట్టింగ్ పేజీ కంటికి కనబడే నష్టం. కనబడనిది ఇంకా పెద్దది. డొమైన్ కొన్నవాడు దాని మీద ఏ పేరుతోనైనా మెయిల్ ఐడీ తెరుచుకోగలడు. మా డైరెక్టరు పాత ఐడీని మళ్ళీ సృష్టించి, ఏ సైటుకైనా పోయి పాస్‌వర్డ్ మర్చిపోయానని నొక్కితే, లింకు వాడి దగ్గరికే వస్తుంది. 2025 జనవరిలో ట్రఫుల్ సెక్యూరిటీ అనే సంస్థకు చెందిన డిలన్ ఐరీ ఇంకో కోణం బయటపెట్టాడు. మూతపడ్డ ఒక స్టార్టప్ డొమైన్ కొని, పాత ఉద్యోగుల ఐడీలు తిరిగి తెరిచి, గూగుల్‌తో సైన్ ఇన్ అనే బటన్ నొక్కి వాళ్ళ స్లాక్, జూమ్, నోషన్, చాట్‌జీపీటీ ఖాతాల్లోకి, చివరికి ఉద్యోగుల వివరాలుండే హెచ్ఆర్ వ్యవస్థలోకి కూడా పోగలిగాడు. పాత జీమెయిల్ ఉత్తరాలు మాత్రం అతనికి దొరకలేదు. గూగుల్ ప్రతి మనిషికీ మారని ఒక గుర్తింపు సంఖ్య ఇస్తుంది. బయటి సైట్లు దాన్ని చూడాలి. చాలా సైట్లు దాన్ని వదిలేసి ఈమెయిల్‌నూ డొమైన్‌నూ మాత్రమే చూస్తాయి. గూగుల్ మొదట ఇది తన లోపం కాదని ఫైలు మూసేసి, తర్వాత తిరిగి తెరిచి, అతనికి చిన్న బహుమతి ఇచ్చింది. డొమైన్ వదిలేసేవాళ్ళు ముందు ఖాతాలన్నీ సరిగ్గా మూసుకోవాలన్నది గూగుల్ సలహా.

మా షీట్లలో ఏముందో ఆలోచించండి. కాళ్ళు వంకరపోయిన పిల్లల పేర్లు, ఫొటోలు, తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు, వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ కాపీలు. గూగుల్ డ్రైవ్‌లో ఉన్నవి భద్రమే, నిజం. కానీ ఫిజియోథెరపీ రికార్డుల కోసం, సర్వేల కోసం వాడిన బయటి యాప్‌లు పాత ఐడీ మీదే తెరిచినవి. వాటిలోకి ఎవడో చొరబడితే ఆ తల్లులకు మేమేం జవాబు చెప్పాలి? వాళ్ళు మమ్మల్ని నమ్మి ఆ కాగితాలు ఇచ్చారు.

నాకూ కొన్ని అనుమానాలున్నాయి

పాతది పనిచేస్తూ ఉంటే జనం కొత్తదానికి ఎప్పటికీ మారరని మా సెక్రటరీ వాదన. ఇందులో బలం ఉంది. పంచాయతీ కార్యదర్శులు, డాక్టర్లు, విలేకరులు ఫోనులో సేవ్ అయి ఉన్న ఐడీకే పంపుతారు, మారాలన్న ఒత్తిడి వాళ్ళకు ఏముంది? అందుకే పాత ఐడీలకు ఉత్తరాలు రానిస్తాం గానీ వాటి నుంచి పంపనివ్వం. పాతదానికి వచ్చిన ప్రతిదానికీ ఒక లేబుల్ పడేట్టు ఫిల్టరు పెట్టాం. వారానికోసారి అకౌంటెంటు ఆ లేబుల్ తెరిచి చూస్తుంది. మనిషైతే కొత్త ఐడీ నుంచి జవాబు రాస్తుంది, సైటయితే చిట్టాలో ఎక్కించి మారుస్తుంది. మొదట్లో ఆ లేబుల్ నిండుగా ఉండేది, ఇప్పుడు పలచబడింది. ఖాళీ అయితే కాలేదు.

రెండు చిరునామాలు ఉంటే మోసగాళ్ళకు సందు దొరుకుతుందని ఇంకొకరు అన్నారు. ఇది నన్ను నిజంగా ఆలోచింపజేసింది. "మా ఈమెయిల్ మారింది, ఇకనుంచి ఇక్కడికే రాయండి" అనే ఉత్తరం అచ్చం మోసగాళ్ళు రాసే ఉత్తరంలాగే ఉంటుంది. మేము పంపినప్పుడు హైదరాబాద్‌లోని ఒక దాత ఆఫీసు నుంచి అకౌంటెంటు ఫోన్ చేశాడు. "మెయిల్ మారిందంటున్నరు, బ్యాంకు ఖాతా గూడ మారిందా మేడం?" అని అడిగాడు. మారలేదని చెప్పాను. "అట్లయితే ఆ మాట మీ పాత ఐడీ నుంచి ఒకసారి రాసి పంపుండ్రి" అన్నాడు. అతని జాగ్రత్త నాకు చాలా నచ్చింది. ఆ ఒక్కసారికి నియమం సడలించి పాత ఐడీ నుంచే రాశాం. పాత డొమైన్ మా చేతిలో ఉండబట్టే అతనికి ఆ రుజువు ఇవ్వగలిగాం. తర్వాత అందరికీ పంపిన ఉత్తరంలో బ్యాంకు ఖాతా మారలేదని మొదటి వరుసలోనే రాశాం. పాతది ఇంకొకడి చేతిలో పడి ఉంటే, సరిగ్గా అదే రుజువు వాడి చేతిలో ఉండేది.

బ్యాంకులు చేసినట్టు చేస్తే సరిపోతుందని వాదించేవాళ్ళూ ఉన్నారు. రిజర్వు బ్యాంకు 2025లో బ్యాంకులన్నీ అక్టోబరు 31 లోపు డాట్ బ్యాంక్ డాట్ ఇన్ డొమైన్‌కు మారాలని ఆదేశించింది. ఆ పేర్లు ఇచ్చే అధికారం రిజర్వు బ్యాంకు స్థాపించిన, హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ అనే సంస్థ ఒక్కదానికే ఉంది. కాబట్టి ఎవడు పడితే వాడు అలాంటి పేరు కొనలేడు. మంచి ఏర్పాటే. అయితే చాలా బ్యాంకులు పాత చిరునామాలను వదిలిపెట్టకుండా, అవి టైపు చేసినవాళ్ళను కొత్తదానికి తీసుకెళ్తున్నాయి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల మెయిళ్ళు జోహో అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ వేదిక మీదికి పోయినప్పుడు చిరునామాలు మాత్రం జీఓవీ డాట్ ఇన్, ఎన్ఐసీ డాట్ ఇన్‌లే. వెనక సర్వరు మారింది, పేరు కదల్లేదు. సర్వీసు మార్చడానికి డొమైన్ మార్చాలనుకునేవాళ్ళు మన దగ్గర చాలామంది ఉన్నారు. అవసరం లేదు. పేరు మారాల్సిన గట్టి కారణం లేకపోతే ఈ తంతు జోలికే పోవద్దని నా మాట.

ఇవన్నీ విన్నాక "జీమెయిల్ ఐడీ పెట్టుకుంటే ఈ గోలే ఉండదు గదా" అంది మా ఫీల్డు కోఆర్డినేటరు. మునుగోడులో, దేవరకొండలో చాలా సంఘాలు అలాగే నడుస్తున్నాయి. రెన్యువల్ ఖర్చు లేదు, అంతవరకు లాభమే. కానీ ఆ ఐడీ తెరిచిన మనిషి ఫోన్ నంబరు మీద ఉంటుంది. అలిగి వెళ్ళిపోతే సంఘం ఉత్తరాలన్నీ అతనితోనే పోతాయి. డొమైన్ ఉంటే కనీసం సంస్థకు వాటి మీద పెత్తనం ఉంటుంది.

నాకు తెగని అనుమానం ఒకటుంది. సంస్థ ఉన్నంతకాలం అంటున్నాను. ఆ కాలమంతా దీన్ని గుర్తుపెట్టుకునేది ఎవరు? వాడుకలో లేని డొమైన్ కోసం ఏటా రెన్యువల్ చేయాలన్న సంగతి ఇవాళ నాకు, అకౌంటెంటుకు తెలుసు. మా తర్వాత వచ్చేవాళ్ళకు ఆ బిల్లు అర్థంలేని ఖర్చులాగే కనబడుతుంది. ట్రెజరర్ సారుకు కనబడినట్టే.

పైసలు కట్టే పద్ధతి

కార్డు పెట్టి ఆటో రెన్యువల్ వేసి నిశ్చింతగా ఉండొచ్చనుకునేవాళ్ళకు ఒక మాట. 2021 అక్టోబరు నుంచి రిజర్వు బ్యాంకు ఆటో డెబిట్ నియమాలు మారాయి. ఇ-మాండేట్, అంటే మనం ముందుగా ఇచ్చే అనుమతి, నమోదు కాని చోట మన కార్డుల నుంచి సొమ్ము దానంతటది పోదు. విదేశీ రిజిస్ట్రార్ల దగ్గర ఈ కారణంగా రెన్యువల్ ఆగిపోయినవాళ్ళు చాలామందే ఉన్నారు. పైగా కార్డు ఒక మనిషిది. ఆయన పోతే, కార్డు మారితే, అంతా మొదటికొస్తుంది.

అందుకే పాత డొమైన్‌కు ఒకేసారి పదేళ్ళకు కట్టేద్దామని ప్రతిపాదించాను. డాట్ ఓఆర్‌జీకి అంతకంటే ఎక్కువ కాలానికి ఎలాగూ కట్టనివ్వరు. రిజిస్ట్రార్ లాగిన్‌ను రెండు డొమైన్లకూ సంబంధం లేని మెయిల్ మీదికి మార్చాం. ఫోన్ నంబరు ఆఫీసుది, ఎవరి సొంతదీ కాదు. పాత సైటులోని నీటి పరీక్షల నివేదికల లింకులను కొత్త సైటులోని అవే పేజీలకు మళ్ళించాం. ఉత్తరాలు అందేట్టు ఎంఎక్స్ రికార్డులు, ఆ పేరుతో ఎవరూ దొంగ మెయిళ్ళు పంపకుండా ఎస్పీఎఫ్, డీమార్క్ పాతదానికి కూడా అలాగే ఉంచాం.

వచ్చే సమావేశానికి ముందు ఈ లెక్కంతా రాసి ట్రెజరర్ సారుకు ఇచ్చాను. బడి గోడ ఫొటో, దాత ఆఫీసు అకౌంటెంటు మాట, ఎఫ్‌సీఆర్ఏ ఐదేళ్ళ గడువు అన్నీ. ఆయన కళ్ళద్దాలు సవరించుకుని నిదానంగా చదివారు. "పదేండ్ల పైసలు ఈ ఒక్క ఏడాది ఖర్చుల రాస్తే ఆడిటరు ఊకుంటడా బిడ్డా?" అన్నారు. ఊరుకోడు, ఏడాదికింత చొప్పున ముందస్తు చెల్లింపుగా చూపాలి, ఆడిటరును అడిగాను, కుదురుతుందన్నారు అని చెప్పాను. "గట్లైతే తీర్మానం రాసుకుందం. ఎందుకు కడ్తున్నమో గూడ అండ్లనే రాయి. రేపు నా జాగల కూసునేటోడు గిదే అడుగుతడు" అన్నారు.

తీర్మానం ముసాయిదా రాశాను. పేజీన్నర వచ్చింది. పాత ఐడీల చిట్టా దానికి అనుబంధంగా జతచేస్తున్నాం. ఇంకా తేలనిది ఒకటే. సంస్థ వదిలి వెళ్ళిపోయినవాళ్ళ పాత ఐడీలకు వచ్చే ఉత్తరాలు ఎవరు చదవాలి? నేను ఉమ్మడి ఇన్‌బాక్సు అంటున్నాను, సెక్రటరీ వద్దంటున్నారు, అందులో వాళ్ళ సొంత ఉత్తరాలూ ఉండొచ్చని. ఆ మాటలోనూ న్యాయముంది. ముందు వాళ్ళనే ఒక్కొక్కరిని ఫోన్ చేసి అడగాలనుకున్నాం, షోలాపూర్ అమ్మాయితో మొదలుపెట్టి.